మనము చదువని నవలలు

ఇరువదియేండ్ల క్రిందట, నేను క్రొత్తగా ఉపాధ్యాయవృత్తిలో జేరిన దినములలో, పదవ తరగతి బాలుడొకడు గణితపుస్తకము నడుమ మరియొక చిన్న పుస్తకమును దాచికొని చదువుచుండగా పట్టుకొంటిని. అట్టమీద తుపాకి పట్టిన మనుష్యుని బొమ్మ; లోపల డిటెక్టివ్ యుగంధరుని కథ. తరగతివారందఱి యెదుట దానిని లాగికొని, "ఇట్టి చెత్త చదివి చెడిపోవుదువా? మంచి నవల కావలసినచో నేనిచ్చెదను" అని మందలించి, మఱునాడు వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమును వాని చేతికిచ్చితిని. వారము దినములకు వాడు దానిని పుట నలుగకుండ దెచ్చి యిచ్చెను. "చదివినావా?" యంటిని. "చదివానండి" యనెను. "ఎట్లున్నది?" "బాగుందండి." అంతకుమించి వాడొక్క మాట చెప్పలేదు, నేనును అడుగలేదు. ఆ సంవత్సరమంతయు వాని చేతిలో పాఠ్యపుస్తకము తప్ప వేఱొక పుస్తకమును నేను చూడలేదు.

ఈ కథలో నేను చాలకాలము దాచిన భాగమొకటి కలదు. వానియొద్ద లాగికొన్న పుస్తకమును ఆ రాత్రి నేనే తుదముట్ట జదివితిని. హంతకుడెవడో తెలియువఱకు నాకు నిదుర పట్టలేదు. నాకు నిదుర పట్టనీయని పుస్తకమును వానికి చెత్తయని చెప్పితిని. నేను చదువక చాల దినములైన పుస్తకమును వానికి మంచిదని యిచ్చితిని. ఇందు మొదటిది అన్యాయము, రెండవది సోమరితనము.

మన యిండ్లలో నవలలను గూర్చి జరుగు తగవులన్నియు తఱచుగా నిట్లే యుండును. తండ్రికి చారిత్రకములు ప్రీతి, తల్లికి వారపత్రికలలో వచ్చిన ధారావాహికలు, కుమారునికి అపరాధపరిశోధనము. ఎవరి యఱ వారిది. ఒకరి యఱలోని పుస్తకము నొకరు ముట్టరు. ముట్టకయే తీర్పు చెప్పుదురు. సంస్కారము గలవారమని చెప్పుకొను మన కుటుంబములలో ఈ దోషము మఱింత సూక్ష్మమైన రూపమున నున్నది. దానిని గూర్చియే యీ వ్యాసము.

ముందుగా నవల యను మాటను విచారింతము. ఆంగ్లమందలి శబ్దమునకు దగ్గఱగా నుండునట్లు, నూతన విషయములను గ్రహించునది యను నర్థమున సంస్కృత ధాతువును జేర్చి కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ఈ పేరును కల్పించిరని ప్రసిద్ధి. ఆంగ్లము దెలిసినవారికి ఆంగ్లముగను, సంస్కృతము దెలిసినవారికి సంస్కృతముగను దోచునట్టి యీ మాటకు మూడవ చెలిమి యొకటి కలదు. మన ప్రాచీన కావ్యములలో 'నవలా' యనగా స్త్రీ. నవలలను స్త్రీలు చదువరాదని శాసించిన పెద్దలు ఆ మాట నుచ్చరించినప్పుడెల్ల స్త్రీ పేరే పలుకుచుండిరి. భాష తానే నవ్వుకొనిన సందర్భములలో నిదియొకటి.

పేరు రాకముందే వస్తువు వచ్చినది. 1872లో నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించిరి. 1878లో వివేకవర్ధనిలో వెలువడనారంభించి 1880లో గ్రంథరూపమును దాల్చినది రాజశేఖర చరిత్రము. దానిని పంతులుగారు నవలయనలేదు; వచనప్రబంధమనిరి. ఆలివర్ గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' దీనికి ప్రేరకమని యందఱు నెఱుగుదురు. ఎఱిగి యంతటితో నూరకుందురు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చదివినవారికి మాత్రమే కనబడు విశేషమొకటి కలదు. ఆంగ్లగ్రంథమునందలి మతాచార్యుని ధనము ఒక వర్తకుడు దివాలా యెత్తి పారిపోవుటచే నశించును; అది పరుల దోషము. ధవళేశ్వరపు రాజశేఖరుని ధనమో, ముఖస్తుతులకు లొంగి చేసిన వ్యయము చేతను, బంగారము చేసి చూపెదనన్న బైరాగిని నమ్ముట చేతను నశించును, అది స్వయంకృతము. కథను దెచ్చుకొన్న పంతులుగారు కథలోని పాపమును ఒకరి నెత్తినుండి మఱియొకరి నెత్తికి మార్చిరి. ఆ మార్పునందే వారి సంస్కరణోద్యమమంతయు నున్నది. ఊరివారిని దూషించుటకు ముందు ఇంటి యజమానుని ప్రశ్నింపుడనుటయే వారి జీవితసారము. ఆ నవల 1887లో ఆంగ్లమునకు మరలి 'ఫార్చ్యూన్స్ వీల్' అను పేర లండనులో వెలువడినది. అప్పు దెచ్చుకొన్న భాషకు వడ్డితో జెల్లించినట్లయినది.

ఇక మా విద్యార్థి విషయమునకు వత్తును. ఆ నవలలో మోసగాడైన బైరాగి యున్నాడు. అడవిలో దొంగల దాడి యున్నది. చనిపోయినదని తలంచిన రుక్మిణి బ్రదికి పురుషవేషము ధరించుట యున్నది. మరణించెనన్న వార్త వచ్చిన భర్త తిరిగి వచ్చుట యున్నది. యుగంధరుని కథలు రచించిన కొమ్మూరి సాంబశివరావుగారు మాత్రమింతకు మించి యేమి కోరుదురు? అయినను నేనా బాలునితో "ఇందులో దొంగలున్నారు, మోసమున్నది, చదివి చూడుము" అని చెప్పలేదు. "ఇది మంచి పుస్తకము" అంటిని. పసివారి చెవికి మంచి పుస్తకమనగా కషాయము. నేను పాయసపు గిన్నెమీద కషాయమని వ్రాసి యిచ్చితిని.

దీనినిబట్టి మొదటి మాట చెప్పుచున్నాను. నవలలకు మనము పెట్టుకొన్న వర్గనామములు, అనగా సాంఘికము, చారిత్రకము, హాస్యము, అపరాధపరిశోధనము మున్నగునవి, గ్రంథాలయమున బీరువాలను సర్దుటకు మిక్కిలి యుపయోగకరములు. గ్రంథముయొక్క విలువను నిర్ణయించుటకు మాత్రము కొఱగానివి. ఇది క్రొత్త సంగతి కాదు. కథ వేఱు, ఆఖ్యాయిక వేఱని లక్షణములు చెప్పిన యాలంకారికులు మనకు గలరు. దండి కావ్యాదర్శమున ఆ భేదములను పరీక్షించి, అవి రెండును ఒక్క జాతియే, పేర్లు మాత్రము రెండని తేల్చినాడు. ఎవరు కథ చెప్పుచున్నారు, ఏ వృత్తమున చెప్పుచున్నారను బాహ్యచిహ్నములచేత జాతి మారదని యాతని వాదము. అట్టమీది తుపాకి బొమ్మచేతను జాతి మారదని నేను దానికి జోడించుచున్నాను.

ఒక్క వర్గములోని రెండు గ్రంథములైనను ఎంత దూరముగ నుండునో హాస్యనవలలయందు చూడవచ్చును. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గణపతి, మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశము ఒకే యఱలో నుండును. రెంటియందును అమాయకుడో మూర్ఖుడో యైన బ్రాహ్మణయువకుడు కథానాయకుడు. కాని గణపతిని చూచి మనము నవ్వునప్పుడు మెట్టుమీద నిలిచి క్రిందివానిని చూచినట్లు నవ్వుదుము. చదువు సున్నయై, అహంకారము మెండై, బడిపంతులుగా గూడ గూర్చున్న యాతనిని చూచి నవ్వుచు మనము తప్పించుకొందుము. పార్వతీశము తన కథను తానే చెప్పును. మొగల్తూరు విడిచి యింగ్లండునకు బోవుచు దారిలో బడిన యవమానములను దాచక చెప్పుచున్న యాతనిని చూచి నవ్వునప్పుడు మనమును ఆ రైలుపెట్టెలోనే, ఆ యోడలోనే యుందుము. నవ్వు మనమీదికి తిరుగును. మొదటిది చికిత్స, రెండవది స్నేహము. రెండును కావలయును. హాస్యమని యొక్క పేరు పెట్టి రెంటిని ఒక్కటిగ చదువువాడు రెంటిని గోల్పోవును.

ఇచ్చట గ్రంథకర్తల ప్రసక్తి వచ్చుచున్నది. చిలకమర్తివారు (1867–1946) చిన్ననాటనే రేచీకటిచే బాధపడి, తుదకు చూపు పూర్తిగ గోల్పోయిన మహనీయుడు. ఇది తెలిసిన పిమ్మట వారి గ్రంథములలోని మనుష్యుల నడకలు, కట్టుబొట్టులు, అలవాట్లు వేఱొక కాంతితో గోచరించును. చెవితో గూడ లోకమును చూచిన వాని సంపద యది. మొక్కపాటివారు విదేశమున జదివివచ్చినవారు. కావుననే పార్వతీశముయొక్క తికమకలలో విన్న మాటలకన్న పడిన పాట్లు మిక్కుటముగ దోచును. అడివి బాపిరాజుగారు (1895–1952) మచిలీపట్టణమున ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీగారియొద్ద చిత్రకళ నభ్యసించిరి. హిమబిందువును, గోన గన్నారెడ్డిని చదువునప్పుడు సంభాషణములకన్న ముందు రంగులు కంటబడుట కిదియే హేతువు. నోరి నరసింహశాస్త్రిగారు రేపల్లెలో న్యాయవాది. రుద్రమదేవి కాలమునే వారును నవలగా వ్రాసిరి. అందు వర్ణములకన్న వాదప్రతివాదముల తూకము, ఆచారధర్మముల వివేచనము బలమైనవి. కాకతీయుల నొకే కాలమునందు చిత్రకారుడొకవైపునుండి, న్యాయవాది యొకవైపునుండి చూచిరి. ఆ రెండును చదివినవానికి చారిత్రకనవల యనగా గతించిన దానిని పూసగ్రుచ్చినట్లు చెప్పుట కాదనియు, ఒక మనుష్యుడు తన కన్నులతో గతమును చూచుట యనియు బోధపడును.

గ్రంథకర్తను తెలిసికొనుట యనగా పూజించుట కాదు; క్షమించుట కాదు. ఆయన దేనిని దగ్గఱనుండి చూచెను, దేనిని దూరమునుండి యూహించెను అని విచారించుట. ఈ ప్రశ్నతో చదువునప్పుడు గ్రంథము మఱింత స్పష్టమగును. ఈ ప్రశ్న లేకుండ జీవితచరిత్రను తెలిసికొనుట కేవలము ఊరి ముచ్చట.

ఇప్పుడు సంస్కారప్రియుల దోషమని పైన సూచించిన విషయమునకు వత్తును. మన బీరువాలలో మాలపల్లి యుండును; వేయిపడగలు ఉండదు. ఛాందసుల యిండ్లలో వేయిపడగలు ఉండును, మాలపల్లి యుండదు. ఈ రెండిండ్లవారును తాము చదువని గ్రంథమును గూర్చి యనర్గళముగ మాటలాడగలరు.

మాలపల్లి కర్త ఉన్నవ లక్ష్మీనారాయణగారు (1877–1958) ఐర్లండులో బారిస్టరు పరీక్ష నిచ్చి వచ్చినవారు. భార్య లక్ష్మీబాయమ్మగారితో గూడి గుంటూరున వితంతువివాహములకును, స్త్రీవిద్యకును పాటుపడి, 1922లో శారదానికేతనమును స్థాపించినవారు. నవలను జాతీయోద్యమమున జైలుపాలై, రాయవెల్లూరు కారాగృహమున రచించిరి. 1922లో ప్రకటితమైనది, 1923లో మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడిన పిమ్మట గాని అది నిరాతంకముగ ప్రజలకు దక్కలేదు. మంగళాపురపు మాలపల్లెలోని రామదాసు కుటుంబము దాని కేంద్రము. కూలివారి పక్షమున నిలిచిన కుమారుడు సంగదాసు చౌదరయ్య దెబ్బకు మరణించును. సోదరుడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడను పేర ధనవంతులను దోచి పేదలకు బెట్టును. అంతకుముందు మన సాహిత్యమున తలుపు వెలుపల నిలిచి కనబడిన మనుష్యులు ఇందు ఇంటి లోపల గూర్చుండి మాటలాడిరి. అదియు గుంటూరు సీమలో వారాడు మాటలతోనే. ఈ యొక్క కార్యమునకే యీ గ్రంథము చిరస్థాయి.

అట్లని దీనికి దోషములు లేవనరాదు. మన పక్షపు గ్రంథమని దోషములను కప్పిపుచ్చుట దానిని చదువకుండుటతో సమానము. ఇందు పాత్రలు తఱచు గ్రంథకర్త యుపన్యాసములను వల్లించును. రామదాసు వేదాంతమున కాతనికష్టములన్నియు గరగిపోవుట చూచినప్పుడు, అన్యాయమును సహించినవానిని ఋషిగా జేసి మనము సుఖముగ నిద్రపోవుటకిది యొక యుపాయమా యను శంక పుట్టును. కాని ఆ శంకకు సమాధానము కూడ ఉన్నవవారే వెంకటదాసు రూపమున నిచ్చిరి. తండ్రి శాంతి, కుమారుని కోపము ఒకే గుడిసెలో నుండి యొకదాని నొకటి ప్రశ్నించును. గ్రంథకర్త తన యభిప్రాయమును దానే వ్యతిరేకింపగల చోటనే నవల ఉపన్యాసముకన్న గొప్పదగుచున్నది.

ఇక వేయిపడగలు. 1934లో ఆంధ్రవిశ్వవిద్యాలయమువారి నవలల పోటీలో బహుమతి దీనికిని, బాపిరాజుగారి నారాయణరావునకును పంచియీయబడినది. విశ్వనాథ సత్యనారాయణగారు (1895–1976) తండ్రి దానధర్మములచే నాస్తి కరగిపోగా పేదఱికమును చవిచూచినవారు. నావలెనే పాఠములు చెప్పి జీవించినవారు. సుబ్బన్నపేట, దాని జమీందారు, వేణుగోపాలస్వామి కోవెల, వేయి పడగల సుబ్రహ్మణ్యేశ్వరుడు, ఇవన్నియు నొక్క శరీరముయొక్క యవయవములనియు, ఆంగ్లనాగరకతచే నవి యొక్కొక్కటి పడిపోవుచున్నవనియు నా గ్రంథము చెప్పును. ధర్మారావు ఆ పతనమునకు సాక్షి. పడగలు రాలిపోగా తుదకు మిగులునది దాంపత్యధర్మము.

నేనీ గ్రంథమును ముప్పదియైదేండ్ల వయస్సువఱకు చదువలేదు. వర్ణవ్యవస్థను సమర్థించు గ్రంథమని వినియుంటిని, అది చాలుననుకొంటిని. ఒక వేసవి సెలవులలో ఖండించుటకే చదువబూనితిని. మొదటి వంద పుటలలో నా ఖండనము సిద్ధమైనది. తరువాతి పుటలలో సిద్ధపఱచుకొన్నది నన్ను విడిచిపోయినది. ఏలయన, ఆ గ్రంథములో నొక సత్యమున్నది. ఊరు పోవుటయనగా ఇండ్లు పోవుట మాత్రమే కాదు. ఒకరి కొకరు బాధ్యులమన్న తలంపు పోవుట. చెఱువు పూడి, కోవెల పాడుపడి, కూలికి బోయినవారు తిరిగిరాని మా యూరిని దలంచుకొని, ధర్మారావు దుఃఖమును నేను నా దుఃఖముగ గుర్తించితిని. ఆతని కారణములు నాకు సమ్మతములు కావు. ఆతని నష్టము సమ్మతమే. పసరిక యను వింతబాలకుని, దేవదాసి గిరికను సృజించిన చేయి సామాన్యమైనది కాదు.

అయినను గ్రంథము మూసిన పిమ్మట నన్నొక ప్రశ్న వదలలేదు. ఉన్నవవారి రామదాసు సుబ్బన్నపేటకు వచ్చినచో నెచ్చట నివసించును? ఆతనికి కోవెలలో నెంతదూరము ప్రవేశము? వేయిపడగల నీడలో ఏ పడగ నీడ ఆతనిపై బడును? ఒక శరీరమని విశ్వనాథవారు చెప్పిన ఊరిలో కొన్ని యవయవములకు నొప్పి యున్నదని ఆ గ్రంథమునకు దెలియదు. తెలిసినను నొప్పి కూడ ధర్మమే యనును. ఈ ప్రశ్న వేయిపడగలను మాత్రమే చదివినవానికి దోపదు. అట్లే, ఆ పాత కట్టుబాట్లన్నియు బోయిన పిదప మంగళాపురమువారిని ఒకచో నిలుపు బంధమేది యను ప్రశ్న మాలపల్లిని మాత్రమే చదివినవానికి దోపదు. ఒక్కొక్క గ్రంథము రెండవదానిని ప్రశ్నించును. ఆ ప్రశ్న వినబడుటకు రెండును మన యింట నుండవలయును. నా యభిప్రాయము మారలేదు. నేటికిని నేను రామదాసు పక్షమువాడనే. కాని మునుపు విని నమ్మిన దానిని ఇప్పుడు చదివి నమ్ముచున్నాను. సంస్కర్తకు ఈ భేదము చిన్నది కాదు. ప్రతిపక్షపు మాటను దాని యుత్తమరూపమున వినని వాదము, ఇంటిలోపల మాత్రమే గెలిచి వీథిలో నోడిపోవును.

మఱియొక తలుపును గూడ పేర్కొందును. చలముగారి మైదానమును సంస్కారవంతుల కుటుంబములు సైతము బీరువా వెనుకవరుసలో దాచును. స్త్రీవిద్యను, వితంతువివాహమును సమర్థించిన మనము, వివాహమునే ప్రశ్నించిన రాజేశ్వరి యెదుట తొట్రుపడుదుము. చలముగారు (1894–1979) పాఠశాలల తనిఖీ యుద్యోగము చేసినవారు. ఊరూరను గృహస్థుల జీవితమును చూచినవారు. రాజేశ్వరి మైదానమున పొందిన దానినిగూర్చి చదువరులు తగవులాడుదురు. ఆమె విడిచి వచ్చిన యింటిని గూర్చి తగవులాడువారు తక్కువ. మొదటి ప్రశ్న సులభము. రెండవది మన యింటిని గూర్చినది.

తెలంగాణము మాటకు వచ్చినచో, కోస్తా చదువరులలో పలువురకు వట్టికోట ఆళ్వారుస్వామిగారి (1915–1961) పేరే తెలియదు. వంటవాడుగను, ఫలహారశాలలో సేవకుడుగను పనిచేసి, స్వయముగ జదువుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొని తిరిగి యమ్మిన మనుష్యుడాయన. నిజాము పాలనలో గ్రామము లనుభవించిన బాధను ప్రజల మనిషి యను నవలలో వ్రాసిరి. చదువరి పుస్తకమును వెదకికొని పోవుట మనకు తెలిసినది. పుస్తకమే చదువరిని వెదకికొని కాలినడకను వచ్చిన చరిత్ర యాయనది. దాశరథి రంగాచార్యగారి చిల్లర దేవుళ్లు ఆ బాటలోనిదే. ఈ రెంటిని చదువక తెలుగునవల నెఱుగుదుమనుట, ఇంటిలో సగము గదులకు తాళము వైచి ఇల్లంతయు జూపితిమనుట.

మన గృహములకు పరభాషల నవలలను దెచ్చినవారిని గూడ స్మరింపవలయును. శరత్తు నవలలను చక్రపాణిగారు తెనిగింపగా చదివిన మన పెద్దలలో కొందఱు శరత్తు తెలుగువాడే యనుకొనిరి. అనువాదకుని కిది గొప్ప ప్రశంస; చదువరికి మాత్రము కొంచెము సిగ్గు. మాలతీ చందూరుగారు (మరణము 2013) ఆంధ్రప్రభ వారపత్రికలోని ప్రమదావనమున గృహిణుల సందేహములకు సమాధానములు చెప్పుచుండిరి. వంటల పుస్తకమును వ్రాసిరి. స్వాతి మాసపత్రికలో పాత కెరటాలు అను శీర్షికన ఆంగ్లాది భాషల ప్రసిద్ధ నవలలను కథలుగ జెప్పి పరిచయము చేసిరి. ఆవకాయ పాళ్లు చెప్పిన చేతినుండియే ప్రపంచనవలలు మన వంటయింటికి వచ్చినవి. ఇట్టి పరిచయములు మూలమునకు సాటి రావని పండితులు చప్పరింతురు. నిజమే. కాని మా తల్లిగారు ఆ శీర్షికను చదివి, "ఈ పుస్తకము మీ కాలేజీలో దొరుకుతుందేమో చూడరా" అని నన్నడిగిరి. నేను తెచ్చిన ఆంగ్లగ్రంథమును ఆమె చదువలేకపోయెను. నేను చదివి రాత్రులు చెప్పితిని. పండితుల చప్పరింపు ఏ తల్లిచేతను అట్లు అడిగింపలేదు.

పుస్తకములు దొరకవను సాకు నేడు చాలవఱకు తీఱినది. గ్రంథకర్త గతించిన 60 సంవత్సరములకు హక్కు ప్రజలది యగును గనుక, చిలకమర్తి, బాపిరాజు, ఉన్నవవారల గ్రంథములను ఎవరైనను ముద్రింపవచ్చును. పాత ప్రతుల ప్రతిబింబములు చేతిలోని ఫోనుననే చదువవచ్చును. కొఱవడినది పుస్తకము కాదు; "ఇది చదువుము, ఇందులో నీకు ప్రియమైనది యొకటి యున్నది" అని చెప్పు మనుష్యుడు.

ఆ మనుష్యుడు ప్రతి యింట నుండవచ్చును. నేనిప్పుడు తరగతిలో అనుసరించు పద్ధతి చెప్పెదను. ఏ పుస్తకముతో పట్టుబడినను పిల్లవానిని దండింపను. "కథ చెప్పు" అందును. చెప్పుచుండగా వాని కన్నులు దేనికి వెలిగినవో చూతును. దొంగలకు వెలిగినచో తక్కెళ్ల జగ్గనిని జూపుదును. యుద్ధములకు వెలిగినచో గన్నారెడ్డిని. ప్రయాణములకు వెలిగినచో పార్వతీశమును. తరువాత, ఆ పుస్తకము నెవరు వ్రాసిరో తెలిసికొని రమ్మందును. మూడవ పుస్తకమును మాత్రము వానికి నచ్చని దానినే యిత్తును. ఎందుకు నచ్చలేదో నాలుగు వాక్యములు వ్రాయుమందును. అందఱును చదువరులగుట లేదు. కొందఱగుచున్నారు. ఒక బాలిక మాలపల్లిని గూర్చి వ్రాసిన నాలుగు వాక్యములలో, మహాలక్ష్మి యేమనుకొన్నదో యింకను ఎక్కువ వ్రాయవలసినదని యున్నది. ఇంత చక్కని విమర్శ నాకు తట్టలేదు.

ఆ మొదటి బాలుని పుస్తకము నేటికిని నాయొద్దనే యున్నది. ఈ వ్యాసమునకై తీసి చూడగా, మొదటి పుటలో అద్దె పుస్తకముల యంగడివాని గుండ్రని ముద్ర కనబడినది. నేను లాగికొన్న పుస్తకము వానిది కాదు. దాని వెల ఆ యంగడివానికి ఎవరో చెల్లించియే యుందురు. ఆ సంగతి నేనెన్నడు నడుగలేదు, వాడెన్నడు చెప్పలేదు.